విదేశీ కొనుగోలుదారులతో ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే ముందుగా ఏం సరిచేసుకోవాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు క్లుప్తంగా చెబుతాను. మీది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివి, ఈమధ్యనే భీమవరంలో ఒక రొయ్యల ఎగుమతి సంస్థలో డాక్యుమెంటేషన్ విభాగంలో చేరారు. కొనుగోలుదారులు రాసే ఈమెయిళ్లు చదివితే అర్థమవుతున్నాయి గానీ, ఫోన్ మోగితే నోరు పెగలడం లేదు. మీ యాస విని అవతలివారు నవ్వుకుంటారేమోనన్న బెరుకు కూడా ఉంది. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేరాలా, అమెరికన్ ఉచ్చారణ నేర్చుకోవాలా, మాటమాటకూ "సర్" అనాలా అని అడిగారు.

యాస మార్చుకోనక్కరలేదు. కోర్సు కూడా ఇప్పుడే అక్కరలేదు. మీరు చెప్పే అంకెలు, తేదీలు, అవును కాదు అనే జవాబులు అవతలివారికి పొరపాటు లేకుండా చేరేలా చూసుకుంటే, మీ ఉద్యోగానికి కావలసిన ఇంగ్లిష్‌లో ముప్పాతిక వంతు వచ్చినట్టే. నేను కాకినాడలో ఎగుమతి పత్రాల పనితో మొదలుపెట్టి, చాలా ఏళ్లుగా భీమవరంలో విదేశీ కొనుగోలుదారుల వ్యవహారాలు చూస్తున్నాను. కొత్తగా చేరినవారిని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్లు మాట్లాడించడం కూడా నా పనిలో భాగమే. వ్యాకరణం తప్పినందువల్ల సరుకు వెనక్కి వచ్చిన సందర్భం నాకు ఒక్కటీ గుర్తు లేదు. ఇద్దరూ అర్థమైందనుకుని ఫోన్ పెట్టేసిన చోటే ప్రతిసారీ నష్టం మొదలైంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది "యెస్" అనే మాట. "శాంపిళ్లు ఇంకా పంపలేదా?" అని ఎవరైనా అడిగితే, పంపనప్పుడు మనం "అవునండి, పంపలేదు" అంటాం. అడిగినవారి మాట నిజమేనని ఒప్పుకోవడం మన పద్ధతి. ఇంగ్లిష్‌లో మాత్రం జవాబు పనిని బట్టి ఉంటుంది. పని జరిగితే యెస్, జరగకపోతే నో, ప్రశ్న ఏ రూపంలో ఉన్నా సరే. ఒకసారి కొత్తగా చేరిన ఒక అమ్మాయి అమెరికా కొనుగోలుదారుతో మాట్లాడుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఫోన్ స్పీకర్‌లో ఉంది. "సో, ది శాంపిల్స్ హావెంట్ గాన్ అవుట్ యెట్?" అని ఆయన అడిగారు. "యెస్ సర్" అంది ఆ అమ్మాయి. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఓ, దే హావ్? గ్రేట్! వాట్స్ ది కొరియర్ నంబర్?" అన్నారు. ఆ అమ్మాయి బిత్తరపోయి నా వంక చూసింది. తెలుగులో ఆలోచిస్తే ఆమె జవాబు నూటికి నూరుపాళ్లు సరైనదే. నేను చేతిలో ఉన్న ప్యాకింగ్ లిస్టు వెనక "నాట్ యెట్. వుయ్ విల్ సెండ్ దెమ్ ఆన్ మండే" అని రాసి ముందుంచాను. ఆమె అదే చదివింది, చిక్కు అక్కడితో విడిపోయింది. స్పీకర్‌లో లేని ఫోన్లలో ఇటువంటివి ఎన్ని జరుగుతాయో ఊహించండి.

అందువల్ల యెస్ దగ్గరా నో దగ్గరా ఆగవద్దు. క్రియను కూడా చెప్పండి. "వుయ్ హావ్ సెంట్ ఇట్", "వుయ్ హావ్ నాట్ సెంట్ ఇట్" అన్నప్పుడు ఎవరి భాషలో ఏ పద్ధతి ఉన్నా అర్థం మారదు. జపాన్ వారి భాషలోనూ ఇటువంటి ప్రశ్నలకు మన పద్ధతిలోనే జవాబు చెబుతారు. కాబట్టి వారితో మాట్లాడేటప్పుడు ఈ జాగ్రత్త రెండువైపులా అవసరమవుతుంది.

దీనికి తోబుట్టువు వంటి అలవాటు మరొకటి మన గోదావరి జిల్లాల్లో బలంగా ఉంది. పెద్దవారు మాట్లాడుతుంటే మనం మధ్య మధ్య "ఆయ్", "ఆయ్ అండి" అంటూ ఉంటాం. వింటున్నానని, మీ మాట మీద గౌరవం ఉందని దాని భావం. చెప్పినదానికల్లా ఒప్పుకున్నామని కాదు. ఫోన్‌లో ఇంగ్లిష్ మాట్లాడేటప్పుడు ఆ "ఆయ్" కాస్తా "యెస్, యెస్, ఓకే సర్"గా మారిపోతుంది. అవతలివారు ధర తగ్గించమంటున్నారు, గడువు ముందుకు జరపమంటున్నారు, మన యెస్‌లు సాగిపోతూనే ఉంటాయి. ఫోన్ పెట్టేశాక వారు "మీరు ఒప్పుకున్నట్టుగా" అంటూ ఈమెయిల్ పంపుతారు. వింటున్నట్టు తెలపాలంటే "ఐ సీ" అనండి, లేదా "ఐ యామ్ నోటింగ్ ఇట్ డౌన్" అనండి. యెస్‌ను నిజంగా ఒప్పుకున్న చోటికి మాత్రమే దాచుకోండి.

ఇక "చూద్దాం లెండి", "ప్రయత్నిస్తామండి" అనే మాటలున్నాయి. ముఖం మీద కాదనడం మనకు ఇష్టం ఉండదు కాబట్టి వాటితో సున్నితంగా తప్పించుకుంటాం, ఎదుటివారికీ అది అర్థమవుతుంది. "వుయ్ విల్ ట్రై అవర్ బెస్ట్" అని రాస్తే మాత్రం విదేశీ కొనుగోలుదారు దాన్ని సగం హామీగా తీసుకుంటాడు. 10వ తేదీకి కంటైనర్ బయలుదేరదని మీకు తెలిసినప్పుడు, 10న వీలుపడదు, 14న పంపగలం అని రాయడమే మర్యాద. ఆ కబురు ముందుగా అందితే ఆయన తన గిడ్డంగి ఏర్పాట్లు మార్చుకుంటాడు. ఆలస్యంగా తెలిస్తే మన మీద నమ్మకం పోతుంది, అది తిరిగి రావడానికి చాలాకాలం పడుతుంది. కాదనే మాటను మర్యాదగా, స్పష్టంగా చెప్పడం మన కుర్రవాళ్లకు ఉచ్చారణ కంటే కష్టమైన పాఠమని నా అభిప్రాయం.

ఇప్పుడు అంకెల సంగతి. మన వ్యాపారంలో అంకె తప్పితే అన్నీ తప్పినట్టే కాబట్టి దీన్ని కాస్త వివరంగా చెబుతాను. చెరువు గట్టు మీద మన రైతు "ముప్పై కౌంట్" అంటే కిలోకు ముప్పై రొయ్యలని, అది తలతో ఉన్న రొయ్యని అర్థం. అమెరికా కొనుగోలుదారు కౌంట్ లెక్కించేది పౌండుకు, అదీ సాధారణంగా తల తీసిన రొయ్యకు. పౌండు అంటే 453.6 గ్రాములు. ఆయన 31/40 అన్నాడంటే పౌండుకు 31 నుంచి 40, అంటే కిలోకు సుమారు 68 నుంచి 88. యూరప్‌కు తలతో ఉన్న రొయ్యను పంపేటప్పుడు తరచుగా కిలో లెక్కే నడుస్తుంది. కాబట్టి ఇద్దరూ చక్కని ఇంగ్లిష్‌లో "థర్టీ కౌంట్" అనుకుని, పూర్తిగా వేరువేరు సరుకులను మనసులో పెట్టుకునే అవకాశం ఉంది. కౌంట్ చెప్పిన ప్రతిసారీ దాని వెంట కిలోకా పౌండుకా, తలతోనా తల లేకుండానా అన్నది చెప్పండి. ఎదుటివారికి తెలుసు కదా అని వదిలేయకండి.

పైగా "థర్టీన్", "థర్టీ", "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" అనే జంటలు ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. ఈ చిక్కు మనకొక్కరికే కాదు, ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారికీ ఉంది. ఓడల మధ్య, ఓడకూ రేవుకూ మధ్య జరిగే సంభాషణల కోసం అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2001లో ప్రామాణిక వాక్యాలను ఆమోదించింది. వాటిలో అంకెలను విడివిడిగా పలకాలనే నియమం ఉంది. నూట యాభైని "వన్ ఫిఫ్టీ" అనరు, "వన్, ఫైవ్, జీరో" అంటారు. కాకినాడ రేవుకు వచ్చే ఓడల్లో ఫిలిప్పీన్స్ వారు, చైనా వారు, మనవారు కలిసి పనిచేస్తుంటారు. వారిలో చాలామందికి ఇంగ్లిష్ మాతృభాష కాదు, అయినా ప్రాణాలతో ముడిపడిన పనిని ఆ భాషలోనే నడుపుతున్నారు. వారు వాడే పరిమితమైన మాటలు, ఒకే పద్ధతిలో చెప్పే అంకెలు, విన్నదాన్ని తిరిగి చెప్పే అలవాటు, ఈ మూడూ అందుకు ఆధారం. మీరు కూడా "ఫిఫ్టీన్ కార్టన్స్, వన్ ఫైవ్" అని రెండు విధాలా చెప్పండి. కంటైనర్ నంబరులో నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు ఉంటాయి. అక్షరాలను "బీ ఫర్ బాంబే" అని కాకుండా బీకి బ్రావో, డీకి డెల్టా, టీకి టాంగో వంటి అంతర్జాతీయ పేర్లతో చెప్పండి. "డబుల్ ఫైవ్", "ట్రిపుల్ జీరో" వంటివి మనకు అలవాటే గానీ చాలామంది విదేశీయులు తడబడతారు. అమెరికా వారు "జెడ్" (Z) అక్షరాన్ని "జీ" అంటారు, అది మన చెవికి G అక్షరం పేరుతో కలిసిపోయేలా వినిపిస్తుంది కాబట్టి అక్కడ "జూలూ" అనడమే క్షేమం.

తేదీల గురించి ఒక్క మాట చాలు. 04/05 అని రాస్తే మనకు మే 4, అమెరికా వారికి ఏప్రిల్ 5. నెలను అక్షరాల్లో రాయండి. డబ్బు విషయంలో లక్షలు, కోట్లు వద్దు. పది లక్షలు ఒక మిలియన్. సమయం చెప్పేటప్పుడు ఎక్కడి సమయమో చెప్పాలి. మన సాయంత్రం 6:30 న్యూయార్క్‌లో వేసవిలో ఉదయం 9 గంటలు, చలికాలంలో 8 గంటలు.

తరువాత వాక్యాల విషయం. తెలుగు మాధ్యమంలో చదివాననే చింత మీ ఉత్తరంలో కనిపించింది. నా అనుభవంలో, ఒక విషయాన్ని తెలుగులో రెండు వాక్యాల్లో స్పష్టంగా చెప్పగలిగినవారు ఇంగ్లిష్‌లో త్వరగా నిలదొక్కుకున్నారు. తెలుగులోనే విషయాన్ని తేల్చి చెప్పలేనివారు కాన్వెంటులో చదివినా ఇబ్బంది పడ్డారు. కాబట్టి ఫోన్ చేసే ముందు మీకేం కావాలో తెలుగులోనే రెండు వాక్యాలు రాసుకోండి. అయితే వాటిని ఉన్నది ఉన్నట్టుగా మార్చకండి. మనం "పోర్టుకు వెళ్లి, ఏజెంటును కలిసి, కాగితాలు చూసి, సంతకం లేదని తెలుసుకుని, మళ్లీ పంపాం" అని ఒకే ఊపిరిలో చెప్పగలం. అందులో ఎవరు అన్న మాట ఎక్కడా లేకపోయినా చివరి క్రియ చెప్పేస్తుంది. ఇంగ్లిష్‌లో ఎవరు, ఏం చేశారు అన్నవి ముందే రావాలి. అవి రాకపోతే వినేవాడు ఎదురుచూస్తూ మిగతాది జారవిడుచుకుంటాడు. ఆ ఒక్క వాక్యాన్ని మూడుగా విడగొట్టి, ప్రతిదానికీ కర్తను పెట్టండి. "ఆల్రెడీ సెంట్" అని ఊరుకోకుండా "అవర్ ఏజెంట్ సెంట్ ఇట్ ఎస్టర్‌డే" అనండి.

మనం కారణాలు ముందు చెప్పి అసలు విషయం చివర చెబుతాం. ఓడ ఐదు రోజులు ఆలస్యమైతే, తుపాను గురించి, రేవులో రద్దీ గురించి చెప్పి, మీ సహకారానికి కృతజ్ఞతలు తెలిపి, చివరి వాక్యంలో కొత్త తేదీ రాస్తాం. పాత ఆఫీసు ఉత్తరాల నుంచి వచ్చిన "యువర్ గుడ్ సెల్ఫ్", "డు ది నీడ్‌ఫుల్" కూడా అందులో చేరతాయి. ఆ ఈమెయిల్‌ను ఫోన్ తెర మీద చూసే కొనుగోలుదారుకు మొదటి రెండు వరుసలే కనిపిస్తాయి. మొదటి వాక్యంలోనే వార్త, లేదా మీకు కావలసినది ఉండాలి. కారణం ఆ తరువాత రావచ్చు, కొన్నిసార్లు అక్కరలేదు కూడా. "డు ది నీడ్‌ఫుల్" బదులు ఆయన చేయవలసిన పని ఏమిటో పేరు పెట్టి, ఏ తేదీలోగా చేయాలో రాయండి. "రివర్ట్" అంటే మన దేశంలో జవాబివ్వడం, బయట చాలాచోట్ల పాత స్థితికి తిరిగి వెళ్లడం. "రిప్లై" అంటే ఎక్కడైనా చెల్లుతుంది.

మరొకటి, చిన్నదే గానీ చాలాసార్లు తగాదా తెచ్చింది. "రేపే పంపుతాం" అన్నప్పుడు ఆ దీర్ఘంతో మనం నొక్కి చెబుతాం. ఇంగ్లిష్‌లో ఆ పనికి మనవారు "టుమారో ఓన్లీ" అంటారు. అవతలివారికి అది "రేపటిదాకా పంపలేం" అన్నట్టు వినిపిస్తుంది. ఇంగ్లిష్‌లో నొక్కి చెప్పడానికి గొంతే సాధనం. "టుమారో" అన్న మాటను కొంచెం పెంచి, కొంచెం నిదానంగా పలకడమే సరిపోతుంది.

ఉచ్చారణలో మీరు శ్రమ పెట్టవలసినది కూడా ఇక్కడే. మాతృభాషలు వేరైనవారు ఇంగ్లిష్‌లో మాట్లాడుకునేటప్పుడు ఏ ధ్వనులు తప్పితే అర్థం చెడుతుందో పరిశీలించిన భాషాశాస్త్రవేత్త జెన్నిఫర్ జెంకిన్స్ 2000లో తన నిర్ధారణలను ప్రచురించారు. "థింక్", "దిస్" వంటి మాటల్లోని ధ్వనులు ఆంగ్లేయుల్లా పలకకపోయినా అర్థానికి భంగం లేదని, అచ్చుల హ్రస్వదీర్ఘాలు, పదం మొదట్లోని సంయుక్తాక్షరాలు, వాక్యంలో ఏ మాట మీద బరువు పెడతాం అన్నవి తప్పితే మాత్రం అర్థం చెడుతుందని ఆమె చెప్పారు. ఇది మనకు శుభవార్త. "షిప్", "షీప్" తేడా తెలుగువాడికి పుట్టుకతో వస్తుంది, సంయుక్తాక్షరాలూ మనకు కొత్త కాదు. మిగిలింది బరువు. వాక్యంలోని బరువుతో పాటు మాటలోని బరువు కూడా చూసుకోవాలన్నది నా సలహా. మనం ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. ఇంగ్లిష్‌లో ప్రతి పెద్ద మాటలోనూ ఒక అక్షరం పైకి లేస్తుంది, తక్కినవి అణిగిపోతాయి. "కంటైనర్"లో రెండవది, "ఇన్‌వాయిస్"లో మొదటిది, "సర్టిఫికెట్"లో రెండవది, "యాంటీబయాటిక్"లో "ఆ" ధ్వని ఉన్న నాలుగవది లేస్తాయి. మీ ఉద్యోగంలో రోజూ వాడే ఇటువంటి మాటలు పట్టుమని యాభై ఉండవు. నిఘంటువులో ప్రతి మాటకూ బరువు గుర్తు ఉంటుంది, ఫోన్‌లోని నిఘంటువు పలికి వినిపిస్తుంది కూడా. ఆ యాభై మాటలు సరిచేసుకుంటే మీ తెలుగు యాస అలాగే ఉన్నా ఎవరూ "పార్డన్?" అనరు.

ఎదుటివారి మాట మీకు అందకపోవడానికీ ఇదే కారణం. మన లిపిలో రాసినదే పలుకుతాం కాబట్టి ఇంగ్లిష్ మాటలను కూడా కంటితో నేర్చుకున్నాం. అణిగిపోయే అక్షరాలు మన చెవికి తెలియవు. దీనికి గంటల తరబడి సినిమాలు చూడటం కంటే, మీ రంగానికి చెందిన రెండు నిమిషాల సంభాషణను తీసుకుని, విన్నది విన్నట్టు కాగితం మీద రాసి, తరువాత ఉపశీర్షికలతో పోల్చి, తప్పిన చోటు మళ్లీ మళ్లీ వినడం ఎక్కువ ఫలితమిస్తుంది. విసుగు పుట్టించే పనే, కానీ నా దగ్గర పనిచేసినవారిలో దీన్ని పట్టుదలగా చేసినవారికి చెవి తెరుచుకోవడం నేను చూశాను.

ఫోన్‌లో ఒక ముక్క అందకపోతే "వాట్?" అని గానీ "ఆఁ?" అని గానీ అనకండి. అందిన భాగాన్ని చెప్పి, అందని భాగాన్ని అడగండి. "ఐ గాట్ ది క్వాంటిటీ. కుడ్ యు రిపీట్ ది డేట్, ప్లీజ్?" అంటే ఆయన మొత్తం తిరగతోడనక్కరలేదు, మీరు శ్రద్ధగా వింటున్నారనీ తెలుస్తుంది. ఫోన్ పెట్టేముందు "లెట్ మీ రీడ్ ఇట్ బ్యాక్" అని సరుకు, కౌంట్, బరువు, తేదీ, ధర చదివి వినిపించండి. ఆ వెంటనే అవే వివరాలు ఈమెయిల్‌గా పంపండి. మీరు మాట్లాడటం కంటే రాయడం బాగా చేయగలరు కాబట్టి ఇది మీకు గట్టి ఆయుధం.

"సర్" అనడం గురించి కూడా అడిగారు. మన "అండి", "గారు" ఇంగ్లిష్‌లో లేవు కాబట్టి ఆ లోటు పూడ్చడానికి ప్రతి వాక్యంలోనూ "సర్" చేరుస్తాం. అది తప్పు కాదు గానీ అక్కరలేదు. అక్కడ మర్యాద క్రియలో కనిపిస్తుంది. "సెండ్ ది డ్రాఫ్ట్" అంటే ఆజ్ఞ, "కుడ్ యు సెండ్ ది డ్రాఫ్ట్?" అంటే మర్యాద. పేరు విషయంలో, వారు ఈమెయిల్ చివర ఎలా సంతకం చేస్తారో అలా పిలవండి. జపాన్ వారైతే ఇంటిపేరు పక్కన "సాన్" చేర్చండి.

యాస విని నవ్వుతారన్న భయం గురించి చివరగా. మీరు మాట్లాడబోయే కొనుగోలుదారుల్లో వియత్నాం, చైనా, జపాన్, స్పెయిన్ వంటి దేశాలవారు ఎందరో ఉంటారు. మీలాగే వారికీ ఇంగ్లిష్ నేర్చుకున్న భాషే. వారు మీ నుంచి కోరేది నిదానం, చిన్న వాక్యాలు, సరైన అంకెలు. అమెరికన్ ఉచ్చారణను అనుకరిస్తే వారికి మీ మాట మరింత కష్టమవుతుంది. ఆరు నెలల తరువాత కూడా కోర్సు కావాలనిపిస్తే చేరండి. చేరే ముందు ఒక తరగతిలో కూర్చుని, గంటలో విద్యార్థులు ఎంతసేపు మాట్లాడుతున్నారో చూడండి. గురువే మాట్లాడుతూ, కాలాల పట్టికలు రాయిస్తుంటే ఆ డబ్బు మిగుల్చుకోండి. ఈలోగా మీరు పంపిన ఈమెయిల్ ఒకటి, పేర్లు, ధరలు తీసేసి ఇక్కడ పెడితే, వాక్యం వాక్యం చూసి ఏది ఉంచాలో ఏది మార్చాలో చెబుతాను.